ఆ గుడికి ఎవరు వెళ్తారు?



ఇవాళ నేను మాట్లాడబోయేది దేవుళ్ళను తయారు చేయడం గురించి, అందులోనూ చెడ్డ దేవుళ్ళను. ఊహాలోకాల్లో నడిచే ఆటల కోసం కల్పించుకునే దేవుళ్ళు వీళ్ళు. రోల్‌ప్లేయింగ్ గేమ్ అన్న మాట మీ ఇంట్లో పిల్లల నోట వినే ఉంటారు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, ఆ మనిషిని గేమ్ మాస్టర్ అంటారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర ఎత్తుకుంటారు. ఒకరు కత్తివీరుడు, ఒకరు మంత్రగత్తె, ఇంకొకరు తాళాలు తీయడంలో ఆరితేరిన దొంగ. ఎదురుగా పాడుబడ్డ కోట ఉంది, తలుపు ఓరగా తీసి ఉంది, ఏం చేస్తారని గేమ్ మాస్టర్ అడుగుతాడు. వాళ్ళు చెబుతారు. అటో ఇటో తేలనిచోట పాచికలు వేస్తారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసి వెలువరించిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఈ ఆటలకు ఆది.

తన లోకానికి కొండలూ నదులూ గీసుకున్న గేమ్ మాస్టర్ దేవుళ్ళనూ పుట్టించాలి. మంచి దేవుళ్ళు సులువుగానే పుడతారు. పంటలిచ్చే తల్లి, గాయాలు మాన్పే తండ్రి, న్యాయం చెప్పే సూర్యుడు. చెడ్డ దేవుడి దగ్గరకు వచ్చేసరికి చాలామంది ఒకే బొమ్మ గీస్తారు. పుర్రెల దండ, నల్ల ముసుగుల పూజారులు, రాతి బలిపీఠం, దాని మీద కట్టేసిన అమ్మాయి. వీరులు తలుపు బద్దలుకొట్టుకుని వస్తారు, పూజారుల్ని నరుకుతారు, కథ అయిపోతుంది. ఈ గుడి ఎదురైన ప్రతిసారీ నాకు కొన్ని ప్రశ్నలు అడగాలనిపిస్తుంది. మామూలు రోజున ఇక్కడికి ఎవరు వస్తారు? దీపంలో నూనె ఎవరు పోస్తారు? ఆ ముసుగు మనిషి పదేళ్ళ కిందట ఏ కష్టం తోసుకొస్తే మొదటిసారి ఈ గడప తొక్కాడు? వీటికి జవాబు లేకపోతే ఆ దేవుడు ఎన్ని కోరలు పెట్టుకున్నా బొమ్మే. చెడ్డ దేవుణ్ణి చేయదలచుకున్నవాళ్ళు ముందు భక్తుణ్ణి చేసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ లోపం కొంత ఆట పుట్టుకలోనే ఉంది. తొలి పుస్తకాల్లో ప్రతి పాత్రా మూడు పక్షాల్లో ఏదో ఒకదానికి చెందాలి: క్రమం, అరాచకం, రెంటి మధ్యా తటస్థం. పోల్ ఆండర్సన్, మైకేల్ మూర్‌కాక్ నవలల నుంచి వచ్చిన ఊహ ఇది. 1970ల చివరికి దీనికి మంచి, చెడు అన్న రెండో గీత కలిసింది, మొత్తం తొమ్మిది గళ్ళయ్యాయి. ఆడుకోవడానికి ఆ గళ్ళు సౌకర్యమే. కానీ దేవుడి పేరు పక్కన చెడు అని ఒకసారి రాసేశాక, ఆ పైన ఆలోచించే పని లేదనిపిస్తుంది. 1980లో జేమ్స్ వార్డ్, రాబర్ట్ కుంట్జ్ రాసిన డెయిటీస్ అండ్ డెమిగాడ్స్ పుస్తకం దేశదేశాల పురాణాల దేవుళ్ళకు ప్రాణబలం ఇంత, కవచబలం ఇంత అని అంకెలు వేసింది. గ్రీకు, నార్స్, ఈజిప్టు దేవుళ్ళతో పాటు మన ఇంద్రుడు, వరుణుడు, విష్ణువు అందులో ఉన్నారు. కాళిని చెడు గడిలో పెట్టారు.

ఇది మనకు ఎందుకు మింగుడుపడదో చెప్పాలి. మన ఊళ్ళలో పోలేరమ్మ ఉంది, మైసమ్మ ఉంది, ఎల్లమ్మ ఉంది. మశూచి ఊరి మీద పడ్డ రోజుల్లో ఆ తల్లికి కోపం వచ్చిందన్నారు, ఆమే ఒంటి మీదకు వచ్చిందన్నారు. గుమ్మాలకు వేపాకు కట్టారు, పసుపు నీళ్ళు చల్లారు, చల్లటి అన్నం పెట్టి శాంతించమని వేడుకున్నారు, కోళ్ళనూ పొట్టేళ్ళనూ బలిచ్చారు. సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి గుడికీ ఇలాంటి కథే ఉంది. 1813లో ఇక్కడ మహమ్మారి చెలరేగితే, ఉజ్జయినిలో ఉన్న మన సిపాయిలు అక్కడి అమ్మవారికి మొక్కుకున్నారని, తిరిగొచ్చాక ఇక్కడ ప్రతిష్ఠించారని చెబుతారు. బోనం ఎత్తిన ఆడపడుచుకు భయమూ ఆ తల్లే, అభయమూ ఆ తల్లే. నెత్తురు అడిగింది గనక చెడ్డది అనే లెక్క ఇక్కడ చెల్లదు. చాచిన నాలుకనూ పుర్రెల దండనూ చూసి దుష్టురాలని తేల్చేయడం బయటినుంచి చూసినవాళ్ళ తొందరపాటు. 1984లో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ద టెంపుల్ ఆఫ్ డూమ్ సినిమాలోనూ ఆ తొందరపాటే ఉంది. కల్పించుకోవడానికి ఊహ అంతా చేతిలో ఉండగా, ఇవాళ్టికీ కోట్లమంది దణ్ణం పెట్టుకునే తల్లిని పట్టుకొచ్చి విలన్ని చేయడం నాకు సమ్మతం కాదు.

భయంతో చేసే పూజ మాత్రం ఆటకు గొప్ప ముడిసరుకు. దాన్ని అందరికంటే బాగా పట్టుకున్నవాడు గ్రెగ్ స్టాఫర్డ్. ఆయన కల్పించిన గ్లోరాంథా లోకంలో సాగే రూన్‌క్వెస్ట్ ఆట 1978లో వచ్చింది. మరుసటి ఏడు కల్ట్స్ ఆఫ్ ప్రాక్స్, 1981లో కల్ట్స్ ఆఫ్ టెర్రర్ అనే పుస్తకాలు వచ్చాయి. రెండో పుస్తకం నిండా చెడ్డ దేవుళ్ళే. వాటిని రాసినవాళ్ళు దేవుడికి బలం ఎంత అన్నదగ్గర మొదలుపెట్టలేదు. ఆ దేవుడి పుట్టుక ఎలా జరిగింది, చచ్చాక భక్తులు ఎక్కడికి పోతామనుకుంటారు, మామూలు భక్తుడు ఏమిచ్చుకోవాలి, బదులుగా ఏం దక్కుతుంది, దీక్ష పుచ్చుకుంటే ఏ కట్టుబాట్లు, పూజారి కావాలంటే ఏం చేసి చూపాలి, ఏ గుడితో పొత్తు, ఏ గుడితో వైరం అంటూ ఒక్కొక్కటే రాసుకుంటూ పోయారు. ఆ జవాబులు పూర్తయ్యేసరికి గుడి చుట్టూ ఒక ఊరు లేచి ఉంటుంది.

కల్ట్స్ ఆఫ్ టెర్రర్‌లో మాలియా అనే రోగాల తల్లి ఉంది. బ్రూ అనే వికృతజీవులు ఆమెను మనసారా కొలుస్తాయి, రోగాన్ని మోసుకుపోయి ఊళ్ళలో వదులుతాయి. అక్కడితో ఆగితే ఆమె కూడా మామూలు రాక్షసే. కానీ ఆమె మీద ఏ ప్రేమా లేనివాళ్ళు కూడా ఆమెకు ముడుపులు చెల్లిస్తారు, మా వైపు రావద్దు తల్లీ అని. కథ చిక్కబడేది ఇక్కడ. ఊరి చివర చిన్న గూట్లో ఆమె పేరున ఏటా ఒక మేకను విడిచే రైతును అనుకోండి. అతను పాపాత్ముడా? ఆవేశంగా ఆ గూటిని కూల్చి వెళ్ళిపోయిన వీరుడు, మరుసటి వానాకాలం ఆ ఊరి పిల్లలు జ్వరాలతో రాలిపోతే ఆ తల్లులకు ఏం చెబుతాడు? పోలేరమ్మ పక్కన పెట్టి చూస్తే మాలియా చెడ్డతనం ఎక్కడుందో నాకు స్పష్టంగా కనిపిస్తుంది. పోలేరమ్మకు ఊరు తనది. కోపం వచ్చినా తన బిడ్డల మీద వచ్చిన కోపమే, పొలిమేర కాసేదీ ఆమే. మాలియాకు ఆ ఊరితో ఏ పేగుబంధమూ లేదు. ముడుపు అందితే పక్క ఊరి మీద పడుతుంది. అంతే.

ఎడ్ గ్రీన్‌వుడ్ కల్పించిన ఫర్గాటెన్ రెల్మ్స్ లోకంలో అంబర్లీ అనే సముద్రదేవతకు కూడా నావికులు పూలు, కొవ్వొత్తులు, నాణేలు సమర్పించి కానీ ఓడ కదపరు. 2023లో వచ్చి మన కుర్రకారును కూడా కూర్చోబెట్టిన బాల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ ఆట నడిచేది ఈ లోకంలోనే.

భయం ఒక దారి అయితే నిరాశ ఇంకో దారి. ఇంగ్లండులో గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ళు నిర్మించిన వార్‌హామర్ లోకంలో నలుగురు అరాచక దేవుళ్ళున్నారు. ఒకడికి నెత్తురు, ఒకడికి కుట్ర, ఒకరికి భోగం. నాలుగోవాడు నర్గల్, కుళ్ళుకూ రోగానికీ దేవుడు. చీము కారే పొట్ట, పైకి తేలిన పేగులు, చుట్టూ ఈగలు. చూడటానికి నలుగురిలోనూ అతనే అసహ్యం. భక్తులు అతన్ని తాతా అని పిలుస్తారు.

ఎందుకో ఆలోచించండి. ఒకడికి తెగులు సోకింది. వైద్యుడు చేతులెత్తేశాడు. ఇంట్లోవాళ్ళు గది తలుపు బయటినుంచి గడియపెట్టారు. స్వస్థతనిచ్చే దేవతకు ఎన్ని మొక్కులు మొక్కినా ఉలుకూ పలుకూ లేదు. అర్ధరాత్రి వాడు ఎవరినో తెలియకుండానే ఎవరైనా ఉన్నారా అని పిలిచాడు. ఆ పిలుపుకు పలికినవాడు నర్గల్. అతను రోగం తీసేయడు. నొప్పి తీసేస్తాడు, సిగ్గు తీసేస్తాడు, ఒంటరితనం తీసేస్తాడు. బిడ్డా అంటాడు. అతనికి తన భక్తులంటే నిజంగానే ముద్దు, అందులో నటన లేదు. ఆ పుండు పెట్టినవాడూ తనే కావడం ఆ ముద్దుకు అడ్డురాదు. ఆటల్లో పుట్టిన చెడ్డ దేవుళ్ళందరిలో ఇంతకంటే బాగా కుదిరినవాడు నాకు కనబడలేదు. 2021 కోవిడ్ వేసవిలో ఆక్సిజన్ సిలిండర్ కోసం రాత్రంతా ఫోన్లు చేసినవాళ్ళు మనలో ఎంతోమంది ఉన్నారు. ఆ వేళ ఫోనెత్తి, నేనున్నానని ఎవరైనా అంటే, మీరెవరు, మీ దేవుడెవరని అడిగే ఓపిక మనకు ఉండేదా? నర్గల్ గుడికి ఎవరు వెళ్తారో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

దురాశ దారి చూడాలంటే అదే లోకంలో 1987లో వచ్చిన షాడోస్ ఓవర్ బోగెన్‌హాఫెన్ అనే కథ ఉంది. వ్యాపారం మీద బతికే ఊరు అది. అక్కడి వర్తకులకు పైకి దానధర్మాలు చేసే ఒక సంఘం ఉంది. దాని లోపలి వలయం రహస్యంగా ఒక క్రతువు తలపెడుతుంది. దానివల్ల ఊరి వ్యాపారం వర్ధిల్లుతుందని వాళ్ళకు చెప్పారు, వాళ్ళు నమ్మారు. నడిపిస్తున్న టాయ్‌గెన్ అనే వర్తకుడు తన ఆత్మను పిశాచానికి అమ్ముకున్నాడు. గడువు దగ్గరపడింది, ఇతరుల్ని అప్పగించి తను బయటపడాలని అతని ఆత్రం. మిగిలినవాళ్ళు లెక్కలు చూసుకునే పెద్దమనుషులు. నల్ల ముసుగు ఎవరికీ అవసరం పడలేదు.

ఈ ఆటలకు వెనక ఉన్న సాహిత్యంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టేది టోల్కీన్ రాసిన నూమెనోర్ పతనం. ఆయన పోయాక 1977లో అచ్చయిన సిల్మరిలియన్‌లో ఉంది. నూమెనోర్ మనుషులకు దీర్ఘాయుష్షు ఉంది, సిరి ఉంది, సముద్రాలు దాటే ఓడలున్నాయి. చావు తప్పించుకునే దారి ఒక్కటే లేదు. బందీగా వచ్చిన సౌరాన్ అనే దుష్టుడు ఆ భయాన్నే పట్టుకున్నాడు. ముసలితనం ముంచుకొస్తున్న రాజుకు మెల్కోర్ అనే చీకటిదేవరను చూపించాడు. రాజధాని నడుమ వెండి గుమ్మటంతో పెద్ద గుడి కట్టారు. హోమగుండంలో తొలి కట్టెలుగా వేసింది తమ రాజవంశపు శుభచిహ్నమైన తెల్ల చెట్టును. ఆ తరవాత మనుషుల్ని. పొగకు వెండి గుమ్మటం నల్లబడింది. చావు ఆగకపోగా ఇంకా తొందరగా, పిచ్చితోనూ రోగాలతోనూ కలిసి వచ్చింది. అయినా పూజ మానలేదు. మానితే ఇన్నాళ్ళూ అంతమందిని ఊరికే కాల్చామని ఒప్పుకోవాలి కదా. చెడ్డ గుడి కల్పించే ప్రతి గేమ్ మాస్టరూ ఇది గుర్తుపెట్టుకోవాలని కోరుకుంటాను. భక్తుణ్ణి లోపలికి తెచ్చేది ఆశ. వెనక్కి పోనివ్వనిది తను అప్పటికే ఇచ్చేసిన బలి.

కొందరికి మాత్రం గడప తొక్కే ఎంపికే ఉండదు, గుడిలోనే పుడతారు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో లోల్త్ అనే సాలీడు రాణిని కొలిచే డ్రౌ జాతి సంగతి అది. ఆర్. ఎ. సాల్వతోర్ 1990లో రాసిన హోమ్‌లాండ్ నవల వాళ్ళ పాతాళ నగరం మెంజోబెరాంజన్‌ను కళ్ళకు కట్టింది. పూజారిణులదే రాజ్యం. ఇంట్లో మూడో కొడుకు పుడితే దేవికి బలి. ఒక వంశం ఇంకో వంశం మీద పడి నాశనం చేయవచ్చు, కానీ ఫిర్యాదు చేయడానికి ఆ వంశంలో ఒక్కరు కూడా మిగలకూడదు. మిగిలితే దాడి చేసినవాళ్ళకే శిక్ష. కథానాయకుడు డ్రిజ్ట్ మూడో కొడుకే. అతను పుట్టిన రాత్రే ఒక అన్న ఇంకో అన్నను చంపడం వల్ల రెండో కొడుకై బతికాడు. దేవత స్వభావం చట్టంగా, వారసత్వంగా, పురిటిగదిలో ఆనవాయితీగా ఎలా దిగుతుందో ఇంత బిగువుగా చూపిన రచన అరుదు. నాకున్న అభ్యంతరం ఒకటుంది. చాలాకాలం ఆట పుస్తకాలు డ్రౌలు పుట్టుకతోనే చెడ్డవాళ్ళన్నట్టు రాశాయి. ఒక గుడి చేసిన పనిని జాతి రక్తానికి అంటగట్టడం తప్పు. 2020లో ఆట ప్రచురణకర్తలే ఆ తీరు మారుస్తామని ప్రకటించారు. అది ఎప్పుడో జరగాల్సింది.

పూజా విధానం గురించి కొంచెం. 1951లో వచ్చిన మన పాతాళ భైరవిని మించిన పాఠం నాకు దొరకలేదు. నేపాళ మాంత్రికుడికి కావలసింది కోరికలు తీర్చే బొమ్మ. దానికి సాహసవంతుడైన యువకుణ్ణి బలివ్వాలి. తోట రాముడు ఆ నియమం ముందే తెలుసుకుని మాంత్రికుణ్ణే బలిచ్చి బొమ్మ దక్కించుకున్నాడు. కె.వి. రెడ్డిగారు అక్కడ దేవిని చెడ్డగానూ చూపలేదు, మంచిగానూ చూపలేదు. నియమం ఉంది, అది ఎవరి చేతిలో పడితే వాళ్ళకు పనిచేస్తుంది. ఆటలో క్రతువుకు ఇలా ఖచ్చితమైన నియమం ఉంటే, ఆడేవాళ్ళు దాన్ని కనిపెట్టి తిప్పికొట్టగలరు. ఊరికే మంత్రాలు చదివిస్తే వాళ్ళకు కత్తి దూయడం తప్ప వేరే పని ఉండదు.

ఇలాంటి ఆటలు పిల్లల్ని పిశాచపూజకు లాగుతాయన్న భయం 1980ల్లో అమెరికాను ఊపేసింది. కొడుకును పోగొట్టుకున్న పాట్రీషియా పుల్లింగ్ అనే తల్లి 1983లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ మీద ఉద్యమమే నడిపింది. 1989లో రెండో కూర్పు వచ్చేసరికి ప్రచురణకర్తలు డెమన్, డెవిల్ అన్న మాటలు తీసేసి, తరవాత కొత్త పేర్లు పెట్టుకున్నారు. పేర్లు మార్చడం పరిష్కారం అనుకోను. కానీ ఆ తల్లిదండ్రుల ఆందోళనను కొట్టిపారేయను కూడా. మొదలుపెట్టే ముందే ఎవరికి ఏది భరించలేనిదో అడిగి, దాన్ని కథలోకి రానివ్వకుండా చూసుకోవడం గేమ్ మాస్టర్ బాధ్యత. కష్టంలో ఉన్న మనిషిని అర్థం చేసుకోవడం కోసం చెడ్డ దేవుణ్ణి తెస్తాం. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళను గాయపరచడం కోసం కాదు.

చివరగా, మా ఆట కోసం నేను చేసిన దేవుడి గురించి చెబుతాను. అది చేపలు పట్టుకుని బతికే రేవు ఊరు. అక్కడివాళ్ళు అతన్ని తిరిగిచ్చే సామి అంటారు. సముద్రంలో పోయినవాడి బట్ట ఒకటి, దోసెడు ఉప్పు తీసుకుని అమావాస్య నాడు గుడికి వెళ్తే, తెల్లారేసరికి ఆ మనిషి నీళ్ళలోంచి నడిచి వస్తాడు. మాయ కాదు. అదే మనిషి, అవే జ్ఞాపకాలు, అమ్మా ఆకలి అంటాడు. అదే రాత్రి ఆ తీరంలో ఇంకెక్కడో ఒక పడవ వెనక్కి రాదు. సముద్రం ఎప్పుడూ ఎవరినో ఒకరిని తీసుకుంటూనే ఉంటుంది గనక ఎవరికీ అనుమానం రాదు.

గుడి చూసుకునే ముసలమ్మకు తెలుసు. మొదట తిరిగొచ్చింది ఆమె పెనిమిటే. ఒక తాడుకు ఒక కొసన వచ్చినవాళ్ళకు, ఇంకో కొసన పోయినవాళ్ళకు ముడులు వేస్తుంది, రెండూ ఎప్పుడూ సమానం. సముద్రం ఎలాగూ తీసుకుంటుంది, తిరిగిచ్చేవాడు ఈయనొక్కడే కదా అని ఆమె వాదన. ఆ ఊరివాళ్ళు పక్క పల్లెలతో సంబంధాలు కలుపుకోరు, అక్కడివాళ్ళ పేర్లు తెలుసుకోరు. ఎందుకని అడిగితే ఆచారం అంటారు. ఆ ఆచారం రాసుకున్నప్పుడే ఈ దేవుడు నాకు పూర్తిగా కనిపించాడు.

ఆడేవాళ్ళలో ఒకమ్మాయి పాత్రకు నీళ్ళలో పోయిన తమ్ముడున్నాడు. తిరిగొచ్చేది నిజంగా వాడేనా అని అడిగింది. వాడేనని చెప్పాను. ఆ పూట ఎవరూ కత్తి దూయలేదు. గుడి తగలబెడదామని ఒకరు, తగలబెడితే ఇప్పటికే తిరిగొచ్చినవాళ్ళు ఏమవుతారని ఒకరు, పొద్దుపోయేదాకా వాదించుకున్నారు. చివరికి ముసలమ్మ తాడు తీసుకుని పక్క పల్లెకు వెళ్ళి, ఏ ముడి ఎవరిదో అడిగి పేర్లు రాసుకున్నారు. అది నేను అనుకున్న కథలో లేదు. పేర్లు తెలిశాక రేవు ఊళ్ళో కొందరు గుడికి పోవడం మానేశారు, కొందరు మానలేదు. పడవలు మునిగేది ఎక్కువగా రేవు ముందున్న రాళ్ళ దగ్గరేనని కనిపెట్టి, మావాళ్ళు తమకు దొరికిన నిధితో అక్కడ దీపస్తంభం కట్టడానికి పూనుకున్నారు. ముసలమ్మ ఒప్పుకోలేదు. దీపం వెలిగితే పోయేవాళ్ళు తగ్గుతారు, నా సామి దగ్గరకు ఎవరొస్తారని ఆమె బాహాటంగానే అనేసింది. ఇప్పుడు ఆ స్తంభానికి రాళ్ళు ఎక్కడినుంచి తేవాలి, ఆమె మనుషులు రాత్రిపూట పునాది కూల్చకుండా ఎవరు కాపలా ఉండాలి అన్నదగ్గర ఉంది మా ఆట.